మార్షా హంట్ కెరీర్ ఎక్కడ, ఎలా దెబ్బతింది?

సరిగ్గా ఇదే ప్రశ్న చాలా ఏళ్ళ కిందట మా ఫిల్మ్ సొసైటీలో ఒక పెద్దాయన అడిగితే నేను తప్పు జవాబు చెప్పాను. అందుకే ఇప్పుడు కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

మీరడిగినవి ఇవి. పాతకాలం హాలీవుడ్ నటి మార్షా హంట్ నిజంగా కమ్యూనిస్టా? కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయంటూ 1950లో అచ్చేసిన ఒక్క పేర్ల జాబితాతోనే ఆవిడ పని అయిపోయిందా? అది లేకపోతే ఒలీవియా డి హావిలాండ్ అంతటి స్టార్ అయ్యేదా? మన దగ్గర కమ్యూనిస్టు పార్టీతో తిరిగినవాళ్ళు కూడా సినిమాల్లో పనిచేసుకున్నారు కదా, అక్కడ ఎందుకంత రచ్చ? చివరగా, ఏ సినిమాతో మొదలుపెట్టాలి? ఆ రోజు నేను పెద్దాయనతో "కమ్యూనిస్టని ముద్ర వేసి తీసేశారండీ" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. తర్వాత ఆవిడ సినిమాలు ఒక్కొక్కటీ చూస్తూ, ఇంటర్వ్యూలు చదువుతూ పోతే అర్థమైంది, "తీసేశారు" అన్న మాటే అక్కడ అతకదని. తీసెయ్యాలంటే ముందు ఉద్యోగం అంటూ ఒకటి ఉండాలి కదా. ఆవిడకి జరిగింది వేరు.

మొదట్నుంచీ వస్తా. 1917 అక్టోబర్ 17న చికాగోలో పుట్టింది, పెరిగింది న్యూయార్క్‌లో. తల్లి సంగీతం నేర్పేవారు, అంటే గాత్రం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. కాలేజీకి పోకుండా మోడలింగ్ చేసింది. ఫొటోలు పత్రికల్లో పడ్డాయి, 1935లో పారామౌంట్ స్టూడియో వాళ్ళు కాంట్రాక్ట్ ఇచ్చారు, అప్పటికి ఆవిడకి 17 ఏళ్ళు. ఆ మూడేళ్ళలో చేసినవన్నీ దాదాపు ఒకే రకం వేషాలు. చక్కగా తయారై, హీరో పక్కన నవ్వుతూ నిలబడే అమ్మాయి. కుర్ర జాన్ వేన్ పక్కన ఒక కౌబాయ్ సినిమాలో కూడా ఉంది, 1937లో. ఆవిడకి అవి విసుగొచ్చాయి. నటించడానికి ఏదైనా ఇవ్వండి అని అడుగుతూ ఉండేదట. 1938లో కాంట్రాక్ట్ అయిపోయింది, వాళ్ళు పొడిగించలేదు.

తొలి దెబ్బ ఇదే. జాబితాకి పన్నెండేళ్ళ ముందు, రాజకీయాల ఊసే లేని రోజుల్లో. ఇరవై ఏళ్ళు దాటీ దాటకుండానే "అందమైన అమ్మాయి, అయితే ఇంక అవసరం లేదు" అనిపించుకుని రోడ్డు మీద పడింది. చిన్న చిన్న కంపెనీల చవక సినిమాలు, నాటకాలు చేసుకుంటూ నెట్టుకొచ్చింది.

రెండోది మీరు ఒలీవియా పేరు తీసుకొచ్చిన సందర్భం. "గాన్ విత్ ది విండ్"లో మెలనీ వేషానికి ఈవిడ టెస్ట్ ఇచ్చింది. నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ స్వయంగా "నువ్వే మా మెలనీవి, అయితే ప్రకటన వచ్చేదాకా ఎవరికీ చెప్పకు" అన్నాడట. మూడు రోజులు నోరు మూసుకుని కూర్చుంది. మూడో రోజు పేపర్లో చూస్తే ఒలీవియా డి హావిలాండ్ పేరు. చేతిదాకా వచ్చింది నోటిదాకా రాలేదంటామే, అచ్చం అలాగే. హాలీవుడ్ మీద మోజు తీరిపోయింది ఆ రోజే అని ముసలితనంలో కూడా చెప్పేది. నా లెక్కలో ఆవిడ కెరీర్‌లో పెద్ద మలుపు ఇదే, 1950 కాదు. స్టార్ అవ్వాలన్న ఆలోచనని ఆవిడ పక్కన పెట్టింది అప్పుడే, ఇకమీద వేషం బాగుంటే చాలు, పోస్టర్ మీద పేరు ఎంత లావుగా ఉందో చూడను అని.

ఆ తర్వాత ఎంజీఎం స్టూడియోకి వెళ్ళింది. 1939లో "దీజ్ గ్లామర్ గర్ల్స్"లో లానా టర్నర్ హీరోయిన్, ఈవిడది పక్క వేషం: వయసు దాటిపోతోందని, ఎవరూ పట్టించుకోవడం లేదని లోలోపల కుమిలిపోయి చచ్చిపోయే అమ్మాయి. నిడివి తక్కువే, కానీ సినిమా అయ్యాక గుర్తుండేది ఆ పిల్లే. దాంతో కంపెనీ వాళ్ళు కాంట్రాక్ట్ ఇచ్చారు. 1940లో "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్"లో కళ్ళజోడు పెట్టుకుని పుస్తకాల్లో మునిగిపోయే చెల్లెలు మేరీ. 1941లో "బ్లాసమ్స్ ఇన్ ది డస్ట్"లో తన పుట్టుక సంగతి తెలిసి ప్రాణం తీసుకునే పిల్ల (ఎంజీఎం వాళ్ళకి ఈవిడని చంపడం ఎందుకంత ఇష్టమో నాకర్థం కాదు). 1942లో "కిడ్ గ్లవ్ కిల్లర్", ఇందులో అసలు హీరోయినే, పోలీసు ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి. ఫ్రెడ్ జిన్నెమాన్ దర్శకుడిగా తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా అది. హాలీవుడ్‌లో అందరికంటే చిన్న వయసు క్యారెక్టర్ ఆర్టిస్ట్ అని ఆవిడకి పేరు పడింది. మన భాషలో చెప్పాలంటే, హీరోయిన్ రూపం ఉండి కూడా క్యారెక్టర్ వేషాలు అడిగి మరీ చేసిన మనిషి.

అందుకే మూడో ప్రశ్నకి నా జవాబు: అయ్యేది కాదండీ. ఒలీవియాలా వరసగా ఒకే తరహా వేషాలతో జనం మనసులో ఒక బొమ్మ పడితే స్టార్ అవుతారు. ఈవిడ ప్రతి సినిమాకీ మనిషి మారిపోయేది. నేను ఆవిడ సినిమాలు మొదట చూసింది తొంభైలలో, రాత్రి కార్టూన్లు అయిపోయాక అదే ఛానల్లో టీఎన్‌టీ అని పాత ఎంజీఎం సినిమాలు వేసేవారు, మీలో కొంతమందికైనా గుర్తుండే ఉంటుంది. ఇంట్లో అందరూ పడుకున్నాక సౌండు తగ్గించి చూసేవాణ్ణి. అలా మూడు సినిమాల్లో ఆవిడని చూసి మూడుసార్లూ గుర్తుపట్టలేదు. నటికి అంతకంటే మెప్పు ఏముంటుంది చెప్పండి, కానీ స్టార్‌కి అదే శాపం.

ఇక అసలు గొడవ. 1947 అక్టోబర్‌లో అమెరికా ప్రతినిధుల సభకి చెందిన కమిటీ ఒకటి, దేశవ్యతిరేక కార్యకలాపాల విచారణ అని పేరు పెట్టుకుని, హాలీవుడ్ రచయితల్ని, దర్శకుల్ని వాషింగ్టన్‌కి పిలిపించింది. "నువ్వు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడివా, గతంలో ఎప్పుడైనా ఉన్నావా" అని ప్రశ్న. అలా అడిగే హక్కు ప్రభుత్వానికి లేదు, మాట్లాడే స్వేచ్ఛని రాజ్యాంగం మొదటి సవరణే ఇచ్చింది అంటూ సినిమావాళ్ళు ఒక సంఘం పెట్టి, విమానం మాట్లాడుకుని వాషింగ్టన్ వెళ్ళారు. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్, డానీ కే, జీన్ కెల్లీ, జాన్ హ్యూస్టన్, వాళ్ళతో పాటు మార్షా హంట్. "హాలీవుడ్ ఫైట్స్ బ్యాక్" అని రేడియోలో కార్యక్రమం చేశారు, అందులోనూ ఆవిడ గొంతు కలిపింది. అదే ఏడాది నెలలు నిండకుండా పుట్టిన పాపని పోగొట్టుకుంది. ఆ మనిషి అన్నీ కడుపులో పెట్టుకుని విమానం ఎక్కింది.

ఆవిడ కమ్యూనిస్టు కాదు. పార్టీలో ఎప్పుడూ లేదు. ఇంకా చెప్పాలంటే అప్పటిదాకా రాజకీయాలంటే పెద్దగా పట్టింపు కూడా లేదు, నటీనటుల సంఘం బోర్డులో పనిచెయ్యడం తప్ప. ఆవిడ సినిమాలకి రాసినవాళ్ళలో కొందరు కమ్యూనిస్టులు, ఆ మాట నిజమే. 1944లో నాజీల నేరాల మీద విచారణ జరుగుతున్నట్టు ఊహించి తీసిన "నన్ షల్ ఎస్కేప్"లో ఆవిడది పోలండ్ స్కూలు టీచర్ వేషం, యుద్ధం ఇంకా నడుస్తుండగానే ఆ సినిమా వచ్చింది! దానికి స్క్రిప్ట్ రాసిన లెస్టర్ కోల్, తర్వాత కమిటీకి జవాబివ్వనందుకు జైలుకెళ్ళిన పదిమందిలో ఒకడు. అయితే రచయిత పార్టీ ఏదైతే నటి పార్టీ కూడా అదేనా?

వాషింగ్టన్ నుంచి తిరిగొచ్చాక గాలి మారింది. నవంబర్‌లో ఆ పదిమంది మీద సభాధిక్కారం మోపారు, స్టూడియోల యజమానులు న్యూయార్క్‌లో ఒక హోటల్లో కూర్చుని, తెలిసి తెలిసి కమ్యూనిస్టులకి పని ఇవ్వం అని ప్రకటన చేశారు. విమానం ఎక్కినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. బోగార్ట్ అంతటివాడు 1948లో ఒక సినిమా పత్రికలో "నేను కమ్యూనిస్టుని కాను" అని వ్యాసం రాసుకున్నాడు. ఆయన్ని నేను తప్పు పట్టను, అప్పటి టెన్షన్ మనకి ఊహకందదు. మార్షా మాత్రం ఎక్కడా "పొరపాటైంది" అనలేదు. ఒక్క ముక్క, ఆ ఒక్క ముక్క ఆవిడ అని ఉంటే ఈ ప్రశ్న మీరు అడిగి ఉండేవారు కాదు.

ఇప్పుడు టైమింగ్ చూడండి. 1950 మార్చి 6 నాటి లైఫ్ పత్రిక ముఖచిత్రం మార్షా హంట్. అప్పుడు ఆవిడ న్యూయార్క్ నాటకరంగం బ్రాడ్‌వేలో బెర్నార్డ్ షా నాటకం చేస్తోంది. అంతకు ముందు ఏడాది టీవీలో షేక్‌స్పియర్ "ట్వెల్ఫ్త్ నైట్"లో వయోలా చేసింది, లైవ్‌లో. టీవీ అప్పుడే పుంజుకుంటోంది. స్టేజీ అనుభవం, కెమెరా అనుభవం రెండూ ఉన్నవాళ్ళు కావాలి, ఈవిడకి రెండూ ఉన్నాయి, మాట స్పష్టం, వయసు 32. సొంతంగా ఒక టీవీ షో పెట్టే మాటలు కూడా నడుస్తున్నాయని ఆవిడ తర్వాత చెప్పుకుంది. ఆ వేసవిలో భర్తతో (ఆయన రాబర్ట్ ప్రెస్నెల్ జూనియర్, స్క్రీన్ రైటర్) యూరప్ వెళ్ళింది. జూన్ 22న "రెడ్ ఛానల్స్" బయటికొచ్చింది. మాజీ ఎఫ్‌బీఐ వాళ్ళు నడిపే ఒక పత్రిక అచ్చేసిన పుస్తకం అది, కమ్యూనిస్టులతో సంబంధాలున్నాయంటూ 151 పేర్లు, అందులో ఈవిడ పేరు. మీరడిగిన జాబితా ఇదే. సరిగ్గా మూడు రోజులకి, జూన్ 25న, కొరియా యుద్ధం మొదలైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ పుస్తకం అట్ట మీద ఉన్నది రేడియో, టెలివిజన్ గురించి. సినిమా గురించి కాదు. ఎందుకంటే బెదిరించడానికి అనువుగా ఉన్నది టీవీయే. సినిమాకైతే జనం టికెట్ కొంటారు, నిర్మాతకి నచ్చితే మొండిగా నిలబడొచ్చు. అప్పటి అమెరికా టీవీలో కార్యక్రమం సబ్బుల కంపెనీదో, సిగరెట్ల కంపెనీదో, తిండి సరుకుల కంపెనీదో. నటుల్ని కూడా చాలాసార్లు ఆ కంపెనీ తరఫు యాడ్ ఏజెన్సీయే ఒప్పుకోవాలి. మన సబ్బు కొనరేమో అన్న భయం ఒక్కటి చాలు. 1950 ఆగస్టులో జీన్ మ్యూర్ అనే నటిని ఒక కామెడీ సీరియల్ నుంచి ప్రసారం మొదలవ్వబోతుండగా తప్పించారు, జాబితాలో పేరుందని కొన్ని ఫిర్యాదు ఫోన్లు వచ్చినందుకు. సిరక్యూస్ ఊళ్ళో లారెన్స్ జాన్సన్ అని సూపర్ మార్కెట్ల యజమాని ఒకాయన ఉండేవాడు. ఫలానా నటుడు ఉన్న షోకి డబ్బిస్తే మీ సరుకు పక్కన బోర్డు పెట్టి, ఈ కంపెనీ కమ్యూనిస్టులకి పని ఇస్తోంది అని రాస్తానని కంపెనీలకి కబురు పెట్టేవాడు. ఆ కిరాణా కొట్ల ఆసామి దెబ్బకి న్యూయార్క్‌లో పెద్ద పెద్ద ఏజెన్సీలు వణికాయి! ఇంకో వింత, ఆ పుస్తకానికి ముందుమాట రాసిన విన్సెంట్ హార్ట్‌నెట్ ఆ తర్వాత నటుల పేర్లు పరిశీలించి "పనికొస్తాడు, పనికిరాడు" అని చెప్పడాన్నే వృత్తిగా పెట్టుకుని ఫీజు వసూలు చేసుకున్నాడు. తాళం వేసేదీ వాళ్ళే, తాళంచెవి అమ్మేదీ వాళ్ళే.

అందుకే అంటున్నా "తీసేశారు" అన్నది తప్పని. మార్షాని ఎవరూ పిలిచి "నువ్వు వద్దు" అనలేదు. ఉత్తర్వు లేదు, కేసు లేదు, కమిటీ ముందుకి సాక్ష్యానికి కూడా ఎప్పుడూ పిలవలేదు. యూరప్ నుంచి తిరిగొచ్చేసరికి ముందు మాట్లాడినవాళ్ళు మాట్లాడటం మానేశారు, అంతే. ఏజెంటుకి ఫోన్ చేస్తే "ఈ వేషానికి మీరు కొంచెం పొడుగు", "కొంచెం వేరే రకం చూస్తున్నారు". దేని మీద అప్పీలు చేస్తారు? ఎవరి మీద దావా వేస్తారు? జాన్ హెన్రీ ఫాక్ అనే రేడియో వ్యాఖ్యాత ఒకడు ఆ హార్ట్‌నెట్ మీద, జాన్సన్ మీద పట్టుబట్టి దావా వేసి 1962లో గెలిచాడు, జ్యూరీ 35 లక్షల డాలర్లు ఇవ్వమంది, పై కోర్టులో అది బాగా తగ్గింది. కానీ అప్పటికి ఎంతమంది జీవితాలు అయిపోయాయో. టీవీ నటుడు ఫిలిప్ లోబ్ 1955లోనే ప్రాణం తీసుకున్నాడు.

మార్షాకి బయటపడే దారి చూపించారు, ఆవిడ పోలేదు. 1952లో "ది హ్యాపీ టైమ్" సినిమాలో చార్లెస్ బోయే పక్కన మంచి వేషం దొరికింది. అప్పుడు, ఆ వాషింగ్టన్ ప్రయాణం తప్పని ఒప్పుకుంటూ పత్రికల్లో ప్రకటన ఇవ్వమని ఒత్తిడి తెచ్చారు. నేను కమ్యూనిస్టుని కాదు అని రాసివ్వడానికి ఆవిడకి అభ్యంతరం లేదు, ఎందుకంటే అది నిజం. వెళ్ళినందుకు చింతిస్తున్నాను అనడానికే ఒప్పుకోలేదు, ఎందుకంటే చింతించడం లేదు కాబట్టి. ఆ తేడా దగ్గరే ఆవిడ యాభైల దశకం అంతా పోయింది. మొదటి పదహారేళ్ళలో 54 సినిమాలు చేశానని, ఆ తర్వాతి 45 ఏళ్ళలో ఎనిమిదే చేశానని 1996లో ఆవిడే లెక్క చెప్పింది.

ఈ లెక్క చదివి అందరూ సినిమాలు పోయాయే అని బాధపడతారు. నాకు మాత్రం టీవీ పోయినందుకు ఎక్కువ బాధ. సినిమాలో స్టార్ కాలేని నటికి, ప్రతి వారం కొత్త మనిషిగా కనిపించే నటికి, లైవ్ టీవీ నాటకాలు ఎంత చక్కగా సరిపోయేవో ఆలోచించండి. 1939లో ఏ గుణం వల్ల స్టార్ కాలేదో 1950లో టీవీకి కావాల్సింది సరిగ్గా ఆ గుణమే. చెయ్యని షోని ఎవరూ చూడలేరు కాబట్టి ఈ నష్టం ఏ ఫిల్మోగ్రఫీలోనూ కనపడదు. చివరికి 1959లో సీబీఎస్ టీవీలో "పెక్స్ బ్యాడ్ గర్ల్" అని కామెడీ సీరియల్‌లో అమ్మ వేషం ఇచ్చారు. అది ఆ వేసవి దాటి నడవలేదు. నడిచి ఉన్నా, 1950లో సొంత షో నడపాల్సిన మనిషికి తొమ్మిదేళ్ళ తర్వాత దక్కింది ఒక చిన్నపిల్ల అమ్మగా వెనక నిలబడటం. ఆ తర్వాత ఎక్కువగా అమ్మ వేషాలే. "ట్విలైట్ జోన్"లో 1964లో ఒక ఎపిసోడ్, అందులోనూ అమ్మే. అన్నింట్లోకీ నాకు నచ్చిన అమ్మ 1971లో "జానీ గాట్ హిజ్ గన్"లోది. తన నవలని తనే సినిమాగా తీసిన డాల్టన్ ట్రంబో ఆ జైలుకెళ్ళిన పదిమందిలో ఒకడు, ఎవరి హక్కు కోసం ఈవిడ విమానం ఎక్కిందో వాళ్ళలో ఒకడు. ఇరవై నాలుగేళ్ళ తర్వాత ఆయన సెట్‌లో ఆవిడ నటించింది.

మన దగ్గర సంగతి అడిగారు. ప్రజానాట్యమండలి నుంచి గరికపాటి రాజారావు, మిక్కిలినేని, అల్లు రామలింగయ్య లాంటివాళ్ళు మద్రాసు వచ్చి సినిమాల్లో స్థిరపడ్డారు, రాజారావు గారి "పుట్టిల్లు"తోనే 1953లో జమున పరిచయమైంది, నిజమే. అయితే మన దగ్గర సుఖంగా జరిగిందని అనుకోకండి, 1948 తర్వాత పార్టీ మీద నిషేధం, అరెస్టులు, నాటకాల మీద నిర్బంధం అన్నీ చూసి వచ్చినవాళ్ళే వాళ్ళు. ఇక్కడ దెబ్బ పోలీసు నుంచి వచ్చింది, అక్కడ సబ్బు కంపెనీ నుంచి వచ్చింది. హైదరాబాద్‌కి టీవీ వచ్చిందే 1977లో, అదీ ప్రభుత్వానిది. స్పాన్సర్‌ని బెదిరించి నటుణ్ణి ఆపే ఏర్పాటు యాభైల్లో మన సినిమాకి లేనే లేదు.

మిగతా జీవితం క్లుప్తంగా: 1955లో భర్తతో ప్రపంచం చుట్టొచ్చింది, అక్కడ చూసిన పేదరికం వల్ల ఐక్యరాజ్యసమితి పనుల్లో పడింది, శరణార్థుల కోసం 1960లో ఒక టీవీ డాక్యుమెంటరీ చేసింది, లాస్ ఏంజెలెస్‌లో తన పేట షెర్మన్ ఓక్స్‌కి గౌరవ మేయర్‌గా చాలా ఏళ్ళు ఉంది, ఇల్లు లేనివాళ్ళ కోసం తిరిగింది. 2022 సెప్టెంబర్ 7న పోయింది, 104 ఏళ్ళు. ఆ జాబితా అచ్చేసినవాళ్ళ కంటే ఎక్కువ కాలం బతికింది అని కొందరు మురిసిపోతూ రాస్తారు. నాకా మురిపెం లేదు, 33 నుంచి 50 దాకా చెయ్యాల్సిన వేషాలు 90 ఏళ్ళప్పుడు చెయ్యలేం కదా.

ఏది ముందు చూడాలంటే, "కిడ్ గ్లవ్ కిల్లర్" చూడండి, గంటన్నర కూడా ఉండదు, మైక్రోస్కోప్ దగ్గర నిలబడి హీరో వాన్ హెఫ్లిన్‌తో మాటకి మాట వేసే తీరు చూస్తే టీవీకి ఈవిడ ఎంత సరిపోయేదో మీకే తెలుస్తుంది. తర్వాత 1948 నాటి "రా డీల్", దర్శకుడు ఆంథొనీ మాన్‌ది, జాన్ ఆల్టన్ ఫొటోగ్రఫీ, సగం సినిమా చీకట్లోనే ఉంటుంది. అందులో మంచి అమ్మాయి చేతిలోకి తుపాకీ వచ్చే సీన్‌లో ఆవిడ మొహం చూడండి. ఇవి రెండూ అయ్యాక "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" పెట్టుకోండి, పెద్ద ఫ్లాట్ స్క్రీన్ అక్కర్లేదు, మంచి ఇయర్‌ఫోన్స్ చాలు. మేరీ అందరి ముందూ పాట ఎత్తుకుని శ్రుతి తప్పుతుంది, చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు చిట్లిస్తారు. సంగీతం నేర్పే తల్లి కూతురు ఆవిడ, చక్కగా పాడగలదు. సరిగ్గా ఎంత తప్పాలో అంతే తప్పింది, అది వినండి.